బతికున్న మనిషి ఫొటోకి దండ

ఈమధ్య ఇద్దరు అమ్మాయిలు నాకు ఫోన్ చేశారు, ఒకరు నేపర్‌విల్ నుంచి, ఒకరు షాంటిలీ నుంచి. ఇద్దరూ ఇక్కడే, అమెరికాలోనే, పుట్టి పెరిగినవాళ్ళు. లైబ్రరీ సైన్స్ చదవాలనుకుంటున్నారు, ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో నాకు వేరే చెప్పక్కర్లేదు. జెర్సీ సిటీలో పిల్లల లైబ్రేరియన్‌గా చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా మనవాళ్ళు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఐటీలో ట్రై చేయలేదా అండీ?" రిటైర్మెంట్ పార్టీలో కూడా ఒకాయన అడిగాడు. ఇక ఇప్పుడు ఖాళీయే కదా, ట్రై చేస్తాలెండి అన్నాను.

ఆ అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. పుస్తకాలకి నంబర్లు వేయడం కాలేజీలో నేర్పుతారు. ప్రమోషన్లు ఎలా వస్తాయో నాకే సరిగ్గా తెలియదు, కాబట్టి ఆ రెండూ వదిలేస్తున్నాను. కాలేజీలో నేర్పనిది ఫిబ్రవరి నెల. అమెరికాలో అది బ్లాక్ హిస్టరీ మంత్, నల్లజాతివాళ్ళ చరిత్రనీ గొప్పతనాన్నీ తలుచుకునే నెల. ప్రతి లైబ్రరీ ఏదో ఒకటి చేస్తుంది. నాకు ఉద్యోగం నేర్పింది ఆ నెలే, అందులోనూ ముఖ్యంగా ఒక మనిషి. ఆవిడ పేరు మిస్ ఒడెస్సా.

అటక మీది బొమ్మలు

నేను చేరినప్పుడు మా బ్రాంచి మేనేజరు మిసెస్ టేట్. నల్లజాతి మనిషి, ఆ పేటలోనే పుట్టింది, ఆ లైబ్రరీలోనే చదవడం నేర్చుకుంది. మొదటి ఫిబ్రవరికి ఏర్పాట్లు చూడమని నాకు అప్పగించింది. స్టోర్‌రూమ్‌లో ఒక అట్టపెట్టె ఉంది. అందులో గొప్పవాళ్ళ ఫొటోలు, ఫ్రేములు కట్టి ఉన్నాయి. ఏటా తీసి పెట్టడం, నెల కాగానే మళ్ళీ పెట్టెలో సర్దేయడం. మనవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేం కాదు. దసరాకి అటక మీంచి బొమ్మలు దించడం, పండగ అయ్యాక పాత చీరల్లో చుట్టి మళ్ళీ అటకెక్కించడం మా హబ్సిగూడ ఇంట్లో చిన్నప్పటి నుంచీ చేసిన పనే. అందుకని బొమ్మల కొలువు లాగే మెట్లు కట్టాను. తెల్ల దుప్పటి పరిచి, డాక్టర్లని ఒక మెట్టు మీద, పాటగాళ్ళని ఒక మెట్టు మీద, చట్టసభల్లోకి వెళ్ళినవాళ్ళని పై మెట్టు మీద పెట్టాను. మధ్యలో చిన్న లైట్లు కూడా వేశాను. నాకైతే చాలా బాగుందనిపించింది.

మిసెస్ టేట్ కాఫీ కప్పుతో వచ్చి, మెట్టు మెట్టూ చూసి, ఒక్కటే మాట అంది.

"విజయా, ఇందులో ఉన్నవాళ్ళందరూ పోయినవాళ్ళే. మా పేటలో ఎవరూ బతికి లేరనుకుంటారు చూసినవాళ్ళు."

నా మొహం చిన్నబోయింది. కానీ ఆవిడ ఒక మాట అని వదిలేసే రకం కాదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం టైములో నన్ను వెంటబెట్టుకుని పేటంతా తిప్పింది. చర్చిలో పాట నేర్పే ఆవిడ, క్షవరం చేస్తూ చేస్తూ సగం పేట పిల్లలకి చదరంగం నేర్పిన ఆయన, ఘానా నుంచి వచ్చి టాక్సీ నడుపుతూ తన భాషలో రేడియో ప్రోగ్రాం చేసే మిస్టర్ మెన్సా, జమైకా నుంచి వచ్చిన నర్సమ్మ. వీళ్ళందరూ ఒకే జాతి, ఒకే కథ అనుకున్న నాకు, ఒకరి వంట ఇంకొకరికి నచ్చదని మొదటి వారంలోనే తెలిసింది. అన్నం ఎవరు బాగా వండుతారన్న దాని మీద మిస్టర్ మెన్సాకీ నర్సమ్మకీ నేను చూస్తుండగానే వాదన అయింది. గోదావరి పులస గొప్పా, తెలంగాణ తలకాయ కూర గొప్పా అన్నట్టే ఉంది. ఎందుకో నాకు ప్రాణం హాయిగా అనిపించింది.

ఆ తిరుగుళ్ళలోనే మిస్ ఒడెస్సా కనిపించింది. పేరు ముందు "మిస్" తగిలించడం వాళ్ళలో పెద్దవాళ్ళకిచ్చే మర్యాద, మన "గారు" లాగే. ఆవిడ సిటీ బస్సు నడిపి రిటైరైంది. వాళ్ళ డిపోలో స్టీరింగు పట్టిన మొదటి ఆడవాళ్ళలో ఒకతె. మొదట్లో కొందరు మగవాళ్ళు ఆవిడ బస్సు ఎక్కకుండా వెనక బస్సు కోసం నిలబడేవారట. వాళ్ళు చలిలో నిలబడితే నాకేం నష్టం, నా బస్సులో హీటరుంది అనేది నవ్వుతూ. నడుపుతూ కథలు చెప్పేది. కథ అవలేదని జనం దిగాల్సిన స్టాపు దాటి కూర్చునేవాళ్ళని మిసెస్ టేట్ చెప్పింది. తను కూడా అలా దాటి కూర్చున్నదేనట.

దండ

మరుసటి ఫిబ్రవరికి కొలువులో కింది మెట్టంతా బతికున్నవాళ్ళకే ఇచ్చాను. బస్సు యూనిఫాంలో నవ్వుతున్న మిస్ ఒడెస్సా ఫొటో మధ్యలో పెట్టాను. ఆ ఏడు మాకు ఒక వాలంటీరు దొరికింది, భారతిగారని. కూతురి దగ్గర ఉండటానికి వచ్చి, పొద్దస్తమానం అపార్ట్‌మెంట్‌లో కూర్చోలేక లైబ్రరీకి వచ్చేది. పుస్తకాలు సర్దుతుంది, కుర్చీలు తుడుస్తుంది, ఏ పనీ చెప్పించుకోదు. అదే కొంప ముంచింది.

ప్రారంభం రోజు నేను వచ్చేసరికి ఫొటోలన్నిటికీ చామంతి దండలు వేసి ఉన్నాయి. ఇండియన్ బజారుకి వెళ్ళి తెచ్చింది. అద్దాల మీద కుంకుమ బొట్లు కూడా పెట్టింది. అన్ని ఫొటోలకీ, కింది మెట్టుతో సహా. ఫ్రేములో ఉంటే దండ పడాల్సిందే అని ఆవిడ లెక్క. మిస్ ఒడెస్సా తన ఫొటోలో బొట్టుతో, దండతో, చల్లగా నవ్వుతోంది.

"అయ్యో భారతిగారూ, ఈవిడ బతికే ఉన్నారండీ," అన్నాను.

"అవునా? ఫొటో పెట్టారుగా మరి," అంది ఆవిడ.

దండ తీసేద్దామని మెట్టు దగ్గరికి పరుగెత్తాను. అప్పుడే తలుపు తోసుకుని మిస్ ఒడెస్సా వచ్చింది. కోటు కూడా విప్పలేదు. తిన్నగా తన ఫొటో ముందుకి వచ్చి నిలబడింది. ఇది ఎవరు చేశారని అడిగింది. భారతిగారు ఏమాత్రం జంకు లేకుండా చెయ్యెత్తింది. మిస్ ఒడెస్సా ఆవిడని దగ్గరికి తీసుకుని గట్టిగా కావలించుకుంది. బస్సు నడిపినన్నాళ్ళలో డిపోవాళ్ళు నాకు ఒక పువ్వు కూడా ఇవ్వలేదు అంది. దండ తీసి మెళ్ళో వేసుకుని, రోజంతా అలాగే తిరిగి, అలాగే ఇంటికి వెళ్ళింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంత చెమటలు పడుతున్నాయని మిసెస్ టేట్ అడిగితే గదిలోకి తీసుకెళ్ళి చెప్పాను: మాలో పోయినవాళ్ళ ఫొటోకే దండ వేస్తాం. ఆవిడ బల్ల మీద తల వాల్చి, భుజాలు కదిలేలా నవ్వింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మావాళ్ళు ఇంకోలా అంటారు అని చెప్పింది. నాకివ్వాల్సిన పూలు నేను వాసన చూడగలిగినప్పుడే ఇవ్వండి అని. పోయాక శవపెట్టె మీద పోస్తే ఎవరికి?

ఒడెస్సాకి మాత్రం చెప్పకు అని కూడా అంది. నేను చెప్పలేదు.

ఖాళీ బస్సు

దండ రోజు నుంచి మిస్ ఒడెస్సా మా లైబ్రరీని వదల్లేదు. ప్రతి శనివారం పిల్లలకి కథలు చెప్పేది. వాళ్ళ అమ్మమ్మ కరోలినా నుంచి మోసుకొచ్చిన కథలు, అంతకు ముందు ఎన్ని తరాలవో ఎవరికీ తెలియనివి. మీరు చూసి ఉంటే బాగుండేది. ఆవిడ ఒక మాట అంటే గది రెండు మాటలు అంటుంది. తరవాతేంటి అంటారు, నిజమే చెప్పు అంటారు, బల్లలు చరుస్తారు. ఒక్కోసారి కథ చెప్పేదెవరో వినేదెవరో తెలిసేది కాదు.

అలా కొన్నేళ్ళు నడిచింది. తరవాత పేట మారింది. పాత ఇళ్ళు పడగొట్టి టవర్లు కట్టారు. అద్దెలు పెరిగాయి. కథలకి వచ్చే కుటుంబాలు ఒక్కొక్కటే ఊరు దాటి వెళ్ళిపోయాయి. మిసెస్ టేట్ రిటైరైంది. కొత్త మేనేజరు కుర్రవాడు, చెడ్డవాడు కాదు, హాజరు చూసి మాట్లాడే మనిషి. శనివారాలు గది ఖాళీగా ఉంటోంది, దాన్ని కోడింగ్ క్లాసుకి ఇద్దామన్నాడు. అటు మిస్ ఒడెస్సాని కూతురు అట్లాంటాకి వచ్చెయ్యమంటోంది. వినేవాళ్ళు లేకపోతే ఇక్కడ ఎవరి కోసం ఉండాలి అని ఆవిడ నాతో రెండుసార్లు అంది. శనివారం కథలు పోతే ఆవిడా పోతుందని నాకు అర్థమైంది.

టవర్ల నిండా మనవాళ్ళే ఉన్నారు కదా, వాళ్ళ పిల్లల్ని తెస్తానని బయల్దేరాను. వాట్సాప్ గ్రూపులో పెట్టాను, గుడిలో చెప్పాను, కిరాణా కొట్టు దగ్గర పట్టుకుని చెప్పాను. ఒకావిడ "ఆ సైడ్ సేఫేనా అండీ?" అని గొంతు తగ్గించి అడిగింది. నేను రోజూ నడిచి వెళ్ళేది ఆ సైడే అన్నాను. ఒక తండ్రి ఉన్నాడు, శ్రీకాంత్ అని, హైదరాబాదీ. మర్యాదగానే అడిగాడు.

"ఆంటీ, తప్పుగా అనుకోవద్దు. అది వాళ్ళ హిస్టరీ. మన పిల్లలకి ఎందుకు?"

నీ పెళ్ళి ఊరేగింపులో ఏం వాయించారని అడిగాను. "మర్ఫా పెట్టించినం ఆంటీ. మస్తు డాన్స్ చేసినం," అన్నాడు. ఆ డప్పులు నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సైనికుల ఇళ్ళలో మోగినవని చెప్పాను. వాళ్ళని హబ్షీలనేవారు, నేను పుట్టిన హబ్సిగూడకి ఆ పేరు వాళ్ళ వల్లే వచ్చిందంటారు. అక్కడ పాతికేళ్ళు పెరిగి కూడా ఆ సంగతి నాకు జెర్సీ సిటీలో ఒక ఫిబ్రవరి కోసం పుస్తకాలు వెతుకుతుంటే తెలిసింది. ఇంకొకటి కూడా చెప్పాను. ఈ దేశంలో సమాన హక్కుల కోసం వాళ్ళు దెబ్బలు తిని కొట్లాడాకే, మనలాంటి వాళ్ళని రానిచ్చేలా చట్టాలు మారాయి. వాళ్ళు తలుపు తోసి తెరిస్తే వెనకే మనం సూట్‌కేసులతో లోపలికి వచ్చాం. వచ్చి, ఆ సైడ్ సేఫేనా అని అడుగుతున్నాం.

శ్రీకాంత్ శనివారం పిల్లని తీసుకుని అందరికంటే ముందు వచ్చాడు.

గది నిండిపోయింది. కొత్త మేనేజరు తలుపులోంచి చూసి సంతోషించాడు. మిస్ ఒడెస్సా మంచి గౌను వేసుకుని వచ్చింది. మేక వాన మీద కేసు పెట్టిన కథ ఎత్తుకుంది. ఏటా తనని తడిపేస్తోందని మేక కోర్టుకి వెళ్తుంది. ఆవిడ మేకలా అరిచింది, వానలా వేళ్ళతో బల్ల మీద చప్పుడు చేసింది. పిల్లలు కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. చేతులు కట్టుకుని, నోటి మీద వేలు పెట్టుకుని, కళ్ళప్పగించి. తల్లులు ఇంటి దగ్గరే చెప్పి తెచ్చారు: కదలొద్దు, మాట్లాడొద్దు, పెద్దావిడ చెప్తుంటే మధ్యలో మాట్లాడితే బ్యాడ్ మ్యానర్స్. ఒక తల్లి వెనక నుంచి నాకు బొటనవేలు ఎత్తి చూపించింది, చూశారా ఎంత బుద్ధిగా ఉన్నారో అన్నట్టు.

మిస్ ఒడెస్సా ఒక చోట ఆగింది, ఎవరైనా తరవాతేంటి అంటారేమోనని. ఎవరూ అనలేదు. ఇంకో చోట ఆగింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది ఆవిడ పని. జడ్జి వచ్చి కుర్చీలో కూర్చోకముందే కథ ఆపేసి, సంచీ తీసుకుని లేచింది. తలుపు దగ్గర నాతో మెల్లగా అంది.

"నేను చాలా ఏళ్ళు బస్సు నడిపాను, విజయా. ఖాళీ బస్సేదో నాకు తెలుస్తుంది. వచ్చే వారం రాను."

ఊఁ

మర్నాడు పులిహోర డబ్బా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో అద్దానికి ఆ చామంతి దండ వేలాడుతోంది, ఎండిపోయి, గోధుమ రంగుకి తిరిగి. అది చూడనట్టు నటించి, పిల్లలు అలా ఎందుకు కూర్చున్నారో చెప్పాను. మాలో పెద్దలు మాట్లాడుతుంటే నోరు మూసుకోవడమే గౌరవం. ఆవిడ పులిహోర తింటూ, మా చర్చిలో అంత నిశ్శబ్దంగా ఉందంటే పాస్టరు దారి తప్పాడని అర్థం అంది. ఆ పిల్లలు నన్ను సాగనంపడానికి వచ్చారనుకున్నాను అంది.

అట్లాంటాకి టిక్కెట్టు తీశారా అని అడిగాను. కూతురు తీస్తానంటోందని చెప్పింది. ఆ మాటకి నాకు నిజంగా దుఃఖం వచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మా అమ్మమ్మ గురించి మాట్లాడాను. మా అమ్మమ్మ కథ చెప్తుంటే ఊఁ కొట్టాలి. కొట్టకపోతే నిద్రపోయామనుకుని కథ ఆపేసి అటు తిరిగి పడుకునేది. ఊఁ, ఊఁ అంటూ ఉంటేనే రాజుగారి ఏడో కొడుకు గుర్రం దిగేవాడు. ఇది చెప్తూ చెప్తూ నేనే ఆగిపోయాను. మిస్ ఒడెస్సా చెంచా పక్కన పెట్టి నన్ను చూసింది.

"అంటే మీకూ ఉందన్నమాట," అంది. "మరి ఆ పిల్లలకి ఎందుకు నేర్పలేదు?"

ఈ వారమే నేర్పుతానన్నాను. ఒక్క శనివారం ఇవ్వండి అని బతిమాలాను.

ఆ వారమంతా నా ఉద్యోగం పిల్లలకి ఊఁ కొట్టడం నేర్పడమే. అనుకున్నంత సులువు కాదు. అమెరికాలో పుట్టిన పిల్లలు ముక్కుతో ఒక శబ్దం చేస్తారు, అది ఊఁ కాదు. ఎక్కడ కొట్టాలి ఆంటీ, ఫుల్‌స్టాప్ దగ్గరా అని ఒక పిల్ల అడిగింది. ఇంకొకడు ఇందులో టెస్ట్ ఉంటుందా అన్నాడు. తల్లులకి చెప్పడం ఇంకా కష్టమైంది. చివరికి భారతిగారు పూనుకుని, మీ నాయనమ్మలు బతికుంటే మిమ్మల్ని చూసి సిగ్గుపడేవాళ్ళు అని అందరినీ చివాట్లు పెట్టింది. ఆవిడ మాటకి తిరుగులేదు.

శనివారం వచ్చింది. మిస్ ఒడెస్సా కోటు విప్పకుండానే కూర్చుంది, ఎప్పుడైనా లేచిపోవచ్చని. అదే మేక కథ మొదలుపెట్టింది. మేక కోర్టుకి బయల్దేరింది అంది. నిశ్శబ్దం. పిల్లలు నా వైపు చూశారు. నేను వెనక కుర్చీలోంచి గట్టిగా అన్నాను, "ఊఁ."

శ్రీకాంత్ కూతురు అంది, ఊఁ. తరవాత ముందు వరస, తరవాత గది మొత్తం. మిస్ ఒడెస్సా మొహం వెలిగిపోయింది. కోటు విప్పి కుర్చీకి తగిలించింది. మేక దారిలో తడిసిన గొర్రెని సాక్ష్యానికి పిలిచింది. ఊఁ. తడిసిన కోడిని పిలిచింది. ఊఁ. చెరువు గట్టున కోర్టు. జడ్జి వచ్చి కూర్చున్నాడు. ఆ జడ్జి ఎవరు? కప్ప. పిల్లలు ఒక్క క్షణం ఆలోచించి, ఒకేసారి గోల పెట్టారు. అది అన్యాయం, కప్పకి వానంటే ఇష్టం కదా అని. నేర్పిన ఊఁ అంతా గాలికి పోయింది. మేక ఓడిపోయింది. కానీ ఏడవలేదు. కోర్టు బయటికి వచ్చి ఒకే ఒక ప్రశ్న అడిగింది: ఈ జడ్జిని ఎన్నుకున్నదెవరు?

నేను పిలిస్తే వచ్చి, నర్సమ్మతో పాటు వెనక వరసలో కూర్చున్న మిస్టర్ మెన్సా అప్పుడు లేచాడు. మా ఊళ్ళో జడ్జి కప్ప కాదు, మొసలి అన్నాడు. కాదు, బాతు అంది జమైకా నర్సమ్మ, కరువొచ్చాక ఆ బాతే మేక దగ్గరికొచ్చి నీళ్ళు అడుక్కుంటుంది. మీ అమ్మమ్మలు తప్పు చెప్పారు అంది మిస్ ఒడెస్సా. ఒకే కథ సముద్రం దాటి మూడు చోట్లకి వెళ్ళి, అక్కడి జంతువుల్ని పెట్టుకుని, మళ్ళీ మా గదిలో ఎదురుపడి కొట్లాడుకుంటోంది. పిల్లలు మూడు పక్షాలుగా చీలిపోయి అరుస్తున్నారు. మేనేజరు పరుగెత్తుకొచ్చి లైబ్రరీలో ఇంత గోలేమిటన్నాడు. మా గది మొత్తం అతని వైపు తిరిగి, ఊఁ అంది.

పాపం, అతను కూడా కూర్చున్నాడు. ఇప్పుడు ఆ బ్రాంచిలో ఫిబ్రవరి పెట్టె లేదు. ఏడాదంతా శనివారం ఉంది. మిస్ ఒడెస్సా అట్లాంటాకి పండగలకి మాత్రం వెళ్ళొస్తోంది. కథ అయ్యాక "కథ కంచికి, మనం ఇంటికి" అని తెలుగులో అంటుంది. యాస గురించి నన్ను అడక్కండి.

వాసన

అమ్మాయిలూ, లైబ్రరీలో నోటి మీద వేలు పెట్టుకున్న మనిషి బొమ్మ గీస్తారు చూడండి, అది మన ఉద్యోగం కాదు. జనం చేత ఊఁ కొట్టించడం మన ఉద్యోగం. ఇంతకంటే పెద్ద సలహా నా దగ్గర లేదు.

ఇక మిగిలింది నా రిటైర్మెంట్ పార్టీ. హాల్లోకి అడుగు పెట్టబోయి గుమ్మంలోనే ఆగిపోయాను. ఎదురుగా బల్ల మీద నా ఫొటో, ఫ్రేము కట్టి ఉంది. దానికి చామంతి దండ, అద్దం మీద కుంకుమ బొట్టు. మనవాళ్ళందరూ అపశకునం అని ముక్కు మీద వేలేసుకుని నిలబడ్డారు. భారతిగారు రెండు చేతులూ ఎత్తి, ఈసారి నేను కాదు తల్లీ అంది.

పక్కనే కర్ర పట్టుకుని మిస్ ఒడెస్సా నిలబడి ఉంది. కళ్ళు నవ్వుతున్నాయి. ఆ దండ సంగతి ఎప్పుడు తెలిసిందని అడిగాను. మొదటి సంవత్సరమే తెలిసిందట. మిసెస్ టేట్ కడుపులో రహస్యం దాగుతుందా అంది. మరి ఇన్నేళ్ళూ ఆ దండ అద్దానికి ఎందుకు ఉంచుకున్నారు అన్నాను.

"పొద్దున్నే దాన్ని చూసుకుని, నేనింకా పోలేదని నవ్వుకోవడానికి," అంది. "నువ్వూ పోలేదు. రా, వాసన చూడు."

అందరూ చూస్తుండగా నా ఫొటో మీదికి వంగి, నా దండ నేనే వాసన చూశాను.